టపాస్ బార్‌లో అన్నీ ఒకేసారి చెప్పేయకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అక్టోబరులో మీ ఆవిడతో కలిసి స్పెయిన్‌లో మాడ్రిడ్, సెవిల్, గ్రనాడా, బార్సిలోనా తిరిగి రావాలనుకుంటున్నారు. ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు మాత్రం తింటారు. మీరు చేప, రొయ్య, కోడి తింటారు, గొడ్డుమాంసం, పంది ముట్టరు. టపాస్ బార్‌లో, అంటే చిన్న చిన్న ప్లేట్లలో తినుబండారాలు పెట్టే బార్‌లో, ఎలా ఆర్డర్ చేయాలి, ఆవిడకి తినడానికి ఏమైనా ఉంటుందా, తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఒక బార్‌లో ఇద్దరికీ కలిపి రెండు ప్లేట్లు, మహా అయితే మూడు. తినేసి, డబ్బులిచ్చేసి, పక్క బార్‌కి నడవండి. మీ ఆవిడకి బోలెడు దొరుకుతుంది, కానీ "వెజిటేరియన్" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ప్లేటులో పంది ముక్కలు వస్తాయి. ఆ సంగతి కింద వివరంగా రాశాను. ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. నేను చెప్పే వాటికి ఒక్క పిమెంతోన్ (పొగ పట్టిన స్పెయిన్ మిరపపొడి) తప్ప మిగతావన్నీ మీ వీధి చివర కొట్లో ఉంటాయి.

నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, సెవిల్‌లో త్రియానా పేటలో ఒక చిన్న బార్ వంటగదిలో ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు వైజాగ్‌లో ఉంటున్నాను, నెలకి రెండు సార్లు ఇంట్లోనే పది పన్నెండు మందికి టపాస్ భోజనం పెడుతుంటాను. కాబట్టి రెండు వైపులా దెబ్బలు తిన్న అనుభవమే.

ముందు పేరు. వాళ్లకి మన "ట" పలకదు, అది "తపా". స్పానిష్‌లో మూత అని అర్థం. గ్లాసులో ఈగ పడకుండా పైన రొట్టె ముక్కో మాంసం ముక్కో పెట్టేవారట, అదే తినుబండారం అయిందట. ఇలాంటి కథలు బార్‌కి ఒకటి చొప్పున వింటారు, విని నవ్వేయండి. మీకు నిజంగా పనికొచ్చేది కొలత. మెనూలో ఒకే వంటకానికి మూడు ధరలు కనిపిస్తాయి. తపా అంటే అరచేతంత ప్లేటు, ఒకరికి నాలుగు ముద్దలు. మీడియా రాసియోన్ అంటే సగం ప్లేటు, ఇద్దరికి సరిపోతుంది. రాసియోన్ అంటే నలుగురు పంచుకునే పెద్ద ప్లేటు. మీరు ఏ సైజో చెప్పకపోతే, ముఖ్యంగా బయట వేసిన టేబుళ్ల దగ్గర, రాసియోన్ రాసేసుకుంటారు. కొన్ని చోట్ల తపా సైజు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకే ఇస్తారు. బయట కూర్చుంటే ధర కూడా కాస్త ఎక్కువ ఉండొచ్చు. అందుకే కౌంటర్ దగ్గర, వాళ్ల మాటలో "బార్రా" దగ్గర, నిలబడి తినమంటాను.

ఒకసారి మా బార్‌కి మనవాళ్లు ఆరుగురు వచ్చారు, బెంగళూరు నుంచి. తెలుగు వినిపించి నేనే వంటగదిలోంచి బయటికి వచ్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మన ఇళ్లలో విస్తరి నిండా ఒక్కసారే వడ్డించుకునే అలవాటు కదా, మెనూ చూసి తొమ్మిది రాసియోన్లు ఒకేసారి చెప్పేశారు. వాళ్ల టేబులేమో పీపా మీద వేసిన గుండ్రటి చెక్క. నాలుగు ప్లేట్లు పట్టాక మిగతావి కిటికీ గట్టు మీద పెట్టాం. వేపుళ్లు మెత్తబడ్డాయి, రొయ్యల నూనె చల్లారింది, సగం తిండి మిగిలిపోయింది, బిల్లు చూసి మొహాలు వాడిపోయాయి. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్లో అందరూ ఒకటి చెప్పి, అది తింటూ, ఎదుటివాడి ప్లేటు చూసి రెండోది చెప్తారు.

వేళల సంగతి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు. రాత్రి తొమ్మిది తర్వాతే జనం వస్తారు. సాయంత్రం ఆరింటికి ఆకలేసి వెళ్తే చాలా చోట్ల వంటగది మూసి ఉంటుంది. ఆ వేళలో తెరిచి, గుమ్మంలో ఫొటోల మెనూ పెట్టి, చేయి పట్టి లోపలికి పిలిచే చోటు కనిపిస్తే దాటుకుని వెళ్లిపోండి. ఆరింటికి ఏదైనా కాఫీ బార్‌లో టోస్టు తిని ఆపుకోండి.

ఇప్పుడు మీ ఆవిడ విషయం. స్పెయిన్‌లో హామోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి గాలికి ఆరబెట్టిన పంది తొడ. మనం కూర మీద కొత్తిమీర చల్లినట్టు వాళ్లు దాన్ని చల్లుతారు. అది మాంసం అన్న స్పృహే చాలామందికి ఉండదు. "మాంసం వద్దు" అంటే సరేనని తల ఊపి, పైన హామోన్ తురుము వేసి తెస్తారు. అది మోసం కాదు, వాళ్లకి "కార్నే" అంటే పొయ్యి మీద వండిన ముక్క. "ఎన్సలాదా మిక్స్తా" అనే మామూలు సలాడ్ మీద ట్యూనా ఉంటుంది. సాల్మోరేహో అనే చల్లటి టమాటా సూప్ మొత్తం శాకాహారమే, కానీ మీద ఉడికిన గుడ్డుతో పాటు హామోన్ ముక్కలు పడతాయి. క్రోకేతాస్ అనే వేయించిన మెత్తటి ఉండల్లో కూడా చెప్పకపోతే హామోనే. నేను చేరిన కొత్తలో నాకే తగిలింది: ఒక బార్‌లో చిక్కుడుగింజల వేపుడు కదా అని ధైర్యంగా చెప్పాను, గింజల కన్నా హామోన్ ముక్కలే ఎక్కువ ఉన్నాయి.

కాబట్టి ఈ వాక్యం ఫోన్‌లో రాసి పెట్టుకుని చదివేయండి: "సోయ్ వెహెతారియానా. నో కోమో కార్నే, ని పెస్కాదో, ని హామోన్, ని అతూన్." శాకాహారిని, మాంసం, చేప, హామోన్, ట్యూనా తినను అని. ప్రతి వంటకం పేరు తర్వాత "సిన్ హామోన్" (హామోన్ లేకుండా) అనడం అలవాటు చేసుకోండి. గ్రనాడాలో ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ ఏ డ్రింక్ చెప్పినా దాంతో ఒక తపా ఉచితంగా వస్తుంది, అదేమిటో చాలా బార్‌లలో వాళ్లే నిర్ణయిస్తారు. ప్లేటు వచ్చాక కాదు, డ్రింక్ చెప్పేటప్పుడే శాకాహారం అని చెప్పేయాలి.

మందు తాగని వాళ్లు మొహమాట పడక్కర్లేదు. "మోస్తో" అని అడగండి, ద్రాక్షరసం. వైన్ గ్లాసులోనే పోసి ఇచ్చే చోట్లూ ఉన్నాయి. గ్రనాడాలో కూల్‌డ్రింక్‌కి కూడా మామూలుగా తపా ఇస్తారు, కాఫీకి ఆశించకండి. మంచినీళ్లకి "ఆగువా దెల్ గ్రీఫో" అంటే కుళాయి నీళ్లు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం హోటళ్లు, బార్‌లు ఈ నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. మామూలుగా "ఆగువా" అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు.

మీకోసం కొన్ని మాటలు. "తెర్నేరా", "వాకా", "బ్వెయ్", "రాబో దె తోరో", ఇవన్నీ గొడ్డుమాంసం. "కాయోస్" పొట్ట పేగులు. "సెర్దో", "లోమో", "చోరీసో" పంది. "మోర్సియా" పంది నెత్తురుతో చేసిన సాసేజ్. "సొలోమియో" అనేది పందిదీ కావచ్చు, గొడ్డుదీ కావచ్చు, అడగాల్సిందే. "అల్బోందిగాస్" అనే ఉండల్లో రెండూ కలిపేస్తారు. కోడి టపాస్ బార్‌లో అంతగా కనిపించదు. అయితే సెవిల్ చేపలకి పెట్టింది పేరు కాబట్టి మీకు లోటుండదు. "బోకెరోనెస్ ఫ్రీతోస్" చెప్పండి, అచ్చం మన నెత్తళ్ల వేపుడు, ముల్లుతో సహా నమిలేయొచ్చు. "కసోన్ ఎన్ అదోబో" అయితే సొరచేప ముక్కల్ని వెల్లుల్లి, జీలకర్ర, వెనిగర్‌లో నానబెట్టి వేయిస్తారు. మొదటిసారి తిన్నప్పుడు ఆ జీలకర్ర వాసనకి ఇల్లు గుర్తొచ్చింది. "గాంబాస్ అల్ అహీయో" సరేసరి: చిన్న మట్టి మూకుడులో సలసల కాగే ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి, రొయ్యలు. రొయ్యలు అయిపోయినా, ఆ నూనెలో రొట్టె ముంచుకోవడం మర్చిపోకండి. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఆవిడకి: సెవిల్‌లో "ఎస్పినాకాస్ కోన్ గార్బాన్సోస్", పాలకూర శనగలు. మలగా, కోర్దొబా, సెవిల్ వైపు "బెరెన్హేనాస్ కోన్ మియెల్", వంకాయ వేపుడు మీద చెరకు పాకం. ఎక్కడైనా "తోర్తియా" (గుడ్డు, ఆలుగడ్డ అట్టు), "పతాతాస్ బ్రావాస్" (కారం సాస్ పోసిన ఆలుగడ్డ వేపుడు). కాలం కలిసొస్తే "పిమియెంతోస్ దె పాద్రోన్", నూనెలో బొబ్బలెక్కేలా వేయించి రాళ్ల ఉప్పు చల్లిన చిన్న పచ్చిమిరపకాయలు. కొన్ని మండుతాయి, కొన్ని మండవు అని గలీసియాలో వాటి మీద సామెతే ఉంది. మండింది తగిలితే పక్కవాళ్లు మీ మొహం చూస్తారు. గుంటూరు కారం తిన్న నాలుక కాబట్టి మీరు వాళ్లని నిరాశపరచడం ఖాయం. బార్సిలోనాలో "పాన్ కోన్ తొమాతే": కాల్చిన రొట్టెకి పండిన టమాటా రుద్ది, నూనె, ఉప్పు వేసి ఇస్తారు. వినడానికి ఏమీ లేదు, తింటే రెండోది అడుగుతారు.

చోట్లు పేరు పెట్టి రెండే చెప్తాను. సెవిల్‌లో ఎల్ రింకోన్సియో, 1670 నుంచి ఉన్న బార్. మీరు ఏం తిన్నారో మీ ఎదురుగానే చెక్క కౌంటర్ మీద సుద్దముక్కతో రాస్తారు. చివర్లో కూడి, డబ్బులు తీసుకుని, గుడ్డతో తుడిచేస్తారు. పాలకూర శనగలు అక్కడే తినండి, ఆవిడ పక్కనే నిలబడి ఆ అంకెలు పెరగడం చూడొచ్చు. మాడ్రిడ్‌లో 1860 నాటి కాసా లాబ్రా, ఉప్పు చేప బజ్జీలకి. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879లో పుట్టింది కూడా అక్కడి టేబుల్ దగ్గరే. ఆ చేప బజ్జీలు మీకు మాత్రమే, ఆవిడకి కాదు. ఇవి కాక మాడ్రిడ్‌లో ఆదివారం మధ్యాహ్నం రాస్త్రో సంత చూసుకుని, కావా బాహా వీధిలో పడి ఏ బార్‌లో ఊరి జనం కిక్కిరిసి ఉంటే అందులో దూరండి. జనాన్ని చూసి భయపడకండి. మోచేయి పెట్టుకునేంత జాగా దొరికితే చాలు, కౌంటర్ వెనకాయన కళ్లలోకి చూసి చెప్పేయండి. చేయి ఊపడం, చిటికె వేయడం వద్దు.

టిప్పు గురించి టెన్షన్ పడకండి, చిల్లర వదిలేస్తే చాలు. ఒకటే మనవి: బ్యాగులోంచి పొడి డబ్బా తీసి బార్ కౌంటర్ మీద పెట్టకండి. నేనూ కరివేపాకు పొడి తీసుకెళ్లిన వాడినే, అది హోటల్ గదిలో తినేవాడిని.

ఇక ఇంట్లో. మొదటి పొరపాటు ఎనిమిది రకాలు చేద్దామనుకోవడం. నేను పన్నెండు మందికి పెట్టినా నాలుగు దాటను: రెండు ముందే చేసి చల్లారినా బాగుండేవి, ఒకటి వేడి చేసుకునేది, ఒకటి మాత్రమే అప్పటికప్పుడు వేయించేది. లేకపోతే చుట్టాలు హాల్లో, మీరు పొయ్యి దగ్గర. మొదటిసారికి తోర్తియా, పాలకూర శనగలు, వంకాయ, కాస్త రొట్టె చాలు.

తోర్తియా గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ దాన్ని ఆలుగడ్డ ఆమ్లెట్ అనుకుని పాడుచేస్తారు. ఆరు గుడ్లు, ఆరు వందల గ్రాముల ఆలుగడ్డ, ఒక పెద్ద ఉల్లిపాయ, ఉప్పు, మూడు వందల మిల్లీలీటర్ల నూనె. భయపడకండి, నూనె చాలా భాగం తిరిగొస్తుంది. స్పెయిన్‌లో ఆలివ్ నూనె, మన దగ్గర సగం ఆలివ్, సగం పొద్దుతిరుగుడు వాడినా పెద్ద తేడా తెలియదు. ఉల్లి వేయాలా వద్దా అని స్పెయిన్‌లో ఇళ్లు విడిపోయేంత గొడవ, నేను ఉల్లి పార్టీ.

ఆలుగడ్డ పల్చగా తరిగి, తడి తుడిచి, ఉప్పు వేసి, మోస్తరు వేడి నూనెలో వేసి సెగ తగ్గించండి. మా వంటగదిలో పెద్దావిడ నాకు నేర్పింది చూపుతో కాదు, చెవితో. నేను ఆలుగడ్డలు వేసి గరిటె తిప్పుతుంటే, అటు తిరిగి చేపలు శుభ్రం చేస్తూనే "మంట తగ్గించు" అనేది. చిటపట అంటే వేగుతోందని, బుడబుడ అంటే ఉడుకుతోందని. తోర్తియాకి కావాల్సింది బుడబుడ. ఉల్లిపాయ ఐదు నిమిషాల తర్వాత వేయండి. మొత్తం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ముక్క ఎర్రబడకూడదు, గరిటె అంచు తగిలితే విరిగిపోవాలి.

నూనె జల్లెడలో వంపేసి దాచుకోండి, మర్నాడు పోపుకి బ్రహ్మాండంగా ఉంటుంది. గుడ్లు నురగ రాకుండా గిలక్కొట్టి, వేడి తగ్గిన ఆలుగడ్డలు అందులో వేసి, పది పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ మెట్టే. గుడ్డు ఆలుగడ్డలోకి ఇంకితేనే కోసినప్పుడు ముక్క కేకులా నిలుస్తుంది. తర్వాత ఇరవై రెండు, ఇరవై నాలుగు సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనంలో రెండు చెంచాల నూనె బాగా కాగాక పోసి, అర నిమిషం పెద్ద మంట, మూడు నాలుగు నిమిషాలు చిన్న మంట, అంచులు లోపలికి సర్దుతూ ఉండండి. ఇప్పుడు తిప్పాలి. పెనం కన్నా వెడల్పైన పళ్లెం మూసి, సింకు మీద, ఒకే ఊపులో బోర్లించి, పళ్లెంలోంచి మళ్లీ పెనంలోకి జార్చండి. పెనం కన్నా వెడల్పు అని ఎందుకు చెప్తున్నానంటే, చేరిన రెండో వారంలో నేను చిన్న పళ్లెం పెట్టాను. సగం తోర్తియా పొయ్యి మీద, సగం నా ముంజేతి మీద పడింది. మచ్చ ఇంకా ఉంది. ఇంకో మూడు నిమిషాలు కాల్చి దించేయండి. వాళ్లలో చాలామంది లోపల జారుగా ఉంటే ఇష్టపడతారు. మన దగ్గర గుడ్లు ఎన్నాళ్ల నుంచి అట్టలో ఉన్నాయో తెలియదు కాబట్టి నేను పూర్తిగా ఉడకనిస్తాను.

పచ్చిమిర్చి, కొత్తిమీర వేయొచ్చా అని అడుగుతారు. వేసుకోండి, బాగానే ఉంటుంది, పేరు మాత్రం మార్చండి.

పాలకూర శనగలకి ఒక కప్పు కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి ఉడికించండి, నీళ్లు పారబోయకండి. ఆలివ్ నూనెలో రెండు రొట్టె ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి తీసి, చెంచాడు జీలకర్ర, చెంచాడు వెనిగర్‌తో రోట్లో నూరండి. అదే నూనె దించి, చెంచాడు పిమెంతోన్ వేసి ఒక్కసారి తిప్పి, వెంటనే మూడు కట్టల పాలకూర వేసేయండి. పిమెంతోన్ మాడితే చేదు, పది సెకన్లు కూడా ఆగదు. మళ్లీ పొయ్యి మీద పెట్టి శనగలు, నూరిన ముద్ద, కాస్త శనగల నీళ్లు పోసి దగ్గర పడనివ్వండి. చారులా ఉండకూడదు, రొట్టె మీద పెడితే నిలబడాలి. సెవిల్‌లో ఇది ఈస్టర్ ముందు శ్రమదినాల్లో, మాంసం మానేసే రోజుల్లో బాగా వండుకునే వంట. శాకాహారం ఆ ఊళ్లో ఎందుకు దొరుకుతుందో సగం జవాబు ఇక్కడే ఉంది.

పిమెంతోన్ అంటే ఓక్ కట్టెల పొగలో ఆరబెట్టిన మిరపపొడి, లా వేరా ప్రాంతానిది. తీపి, మధ్యస్థం, కారం అని మూడు రకాలు. తిరిగొచ్చేటప్పుడు చిన్న రేకు డబ్బాలు నాలుగు తెచ్చుకోండి, బరువుండదు. ఇక్కడ ఆన్‌లైన్‌లో "స్మోక్డ్ పాప్రికా" అని దొరికేది పనికొస్తుంది. అదీ లేకపోతే కాశ్మీరీ కారం, రంగు వస్తుంది కానీ పొగ రుచి రాదు. మన మామూలు కారం చెంచాడు మాత్రం వేయకండి.

వంకాయ ఈ మూడింట్లో తేలిక. అర సెంటీమీటరు మందాన చక్రాలు కోసి, అరగంట పాలలో నానబెట్టి, వడకట్టి, మైదాలో దొర్లించి దులిపి, బాగా కాగిన నూనెలో వేయించండి. శనగపిండి వేస్తే బజ్జీ అయిపోతుంది. పైన వాళ్లు పోసేది తేనె కాదు, పేరులో "మియెల్" ఉన్నా అది చెరకు రసం కాచిన పాకం, మలగా దగ్గర ఫ్రిహిలియానా ఊరిది. అనకాపల్లి బెల్లం కాస్త నీళ్లలో కరిగించి, వడకట్టి, సన్నటి తీగ పాకం వచ్చాక దించండి, దాదాపు అదే. ఉప్పు గట్టిగా పడాలి, లేకపోతే మిఠాయిలా ఉంటుంది. ఇది వేయించిన నిమిషంలో తినాల్సిందే, అందుకే అందరూ వచ్చాక మొదలుపెట్టండి.

బ్రావాస్ చేయాలనిపిస్తే ఒక్క మాట: కెచప్, చిల్లీ సాస్ కలపకండి. మాడ్రిడ్ పద్ధతిలో ఆ సాస్‌కి టమాటా అక్కర్లేదు. నూనెలో మైదా, తీపి పిమెంతోన్, కారం పిమెంతోన్ వేసి, కూరగాయలు ఉడికించిన నీళ్లు పోసి చిక్కబరచడమే. క్రోకేతాస్ మొదటి నెల జోలికి పోకండి. లోపలి ముద్ద రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపడకపోతే నూనెలో పగిలి, మూకుడంతా పాయసం అవుతుంది.

తోర్తియా మిగిలితే బాధపడకండి. మర్నాడు పొద్దున్న బేకరీ నుంచి పొడుగు రొట్టె తెచ్చి, చీల్చి, చల్లటి ముక్క మధ్యలో పెట్టుకోండి. సెవిల్‌లో మా వంటగది వాళ్లందరి పొద్దుటి టిఫిన్ అదే. రైలు ప్రయాణానికి కట్టుకెళ్లినా, అదే రోజు తినేసేట్టయితే, పులిహోర పొట్లం లాగే ఏమీ కాదు.